పదకొండు జతల హీల్స్, మూడు జతల చెప్పులు

నా టేబుల్ అడుగు సొరుగులో పదకొండు జతల హీల్స్ వచ్చి చేరాయి. చెప్పులు కావు, వట్టి హీల్సే. వాటిలో ఇప్పటిదాకా చెప్పులకు ఎక్కినవి మూడు జతలు. మిగతా ఎనిమిదీ ఫొటో చూసి మనసు పారేసుకుని తెప్పించుకున్నవి.

చెప్పులు చేతితో చేయడం మొదలుపెట్టిన కొత్తలో హీల్ అంటే చొక్కాకు బొత్తాం లాంటిదనుకున్నాను. ముందు పైభాగం కుట్టి, అట్ట వేసి, ఆఖర్న నచ్చిన హీల్ తెచ్చి అంటిస్తే సరి. మొదటి జతకు నా దగ్గరున్న అచ్చు, అంటే చెప్పు కుట్టేటప్పుడు లోపల పెట్టే పాదం ఆకారపు దిమ్మ, 6 సెంటీమీటర్ల హీల్ ఎత్తుకు చేసింది. నాకు నచ్చిన హీల్ 8.5 సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్లేగా అనుకున్నాను. తయారయ్యాక టేబుల్ మీద పెడితే చెప్పు ముక్కు నేలకు పొడుచుకుంది, హీల్ కొస వెనక అంచు గాల్లో ఉంది. మా చెల్లి వేసుకుని నాలుగడుగులు నడిచి, “కొండ దిగుతున్నట్టుంది అక్కా” అని విప్పేసింది.

తప్పు హీల్‌ది కాదు. ప్రతి అచ్చూ ఒక ఎత్తు కోసమే పుడుతుంది. మడమ పైకి లేచేకొద్దీ పాదం వంపు, వేళ్ల మొదట్లో మడిచే కోణం, మడమ ఆనే చోటు వాలు అన్నీ మారతాయి. అచ్చులో అవన్నీ ముందే చెక్కేసి ఉంటాయి. కాబట్టి హీల్‌ని ఎంచుకునేది మనం కాదు, అచ్చు. ఇప్పుడు నేను కొనేటప్పుడు అచ్చు, దానికి సరిపోయే హీల్ రెండూ ఒకే చోట, ఒకేసారి తీసుకుంటాను. ఆ వీలు లేకపోతే ముందు ఎత్తు కొలుస్తాను. అట్ట మందమున్న ముక్కని అచ్చు ముందు భాగం కింద పెట్టి, ముక్కు కొంచెం లేచి ఉండేలా చూసుకుని, మడమ కింద పాత విజిటింగ్ కార్డులు ఒక్కొక్కటే పేరుస్తాను. అచ్చు ఊగడం ఎక్కడ ఆగితే అక్కడికి కొలత. అడుగున వేసే రబ్బరు బిళ్ల మందం కూడా ఆ కొలతలోదే. దాన్ని మర్చిపోయి ఒక జత పాడుచేశాను.

ఎత్తు కుదిరినంత మాత్రాన అయిపోలేదు. చెప్పు కింద మడమ భాగం కోడిగుడ్డు అడుగులా గుండ్రంగా ఉంటుంది. హీల్ పైభాగం దానికి తగ్గట్టు గరిటెలా లోతుగా ఉండాలి. ఎత్తు ఒకటే అయినా ఆ గుంట పొడవు, వెడల్పు, లోతు ఒక్కో హీల్‌కి ఒక్కోలా ఉంటాయి. 38 సైజు హీల్ 36 సైజు చెప్పుకి పెడితే అంచులు బయటికి పొడుచుకొస్తాయి. పాత చెప్పుల నుంచి ఊడబీకినవి వాడదామనీ చూశాను. మేకులు లాగాక ప్లాస్టిక్‌లో బెజ్జాలు వదులైపోయి కొత్త మేకు పట్టదు. ఎత్తు ఎక్కువైందని అడుగున కోసేద్దామా అంటే, కింద సన్నబడే హీల్‌ని కోసినకొద్దీ కొస వెడల్పవుతుంది. దాంతో వచ్చిన బిళ్ల ఇక పనికిరాదు. మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే కోయకుండా వదిలేయడమే మేలు.

విసిగిపోయి కిందటి జతకు నేనే చెక్కాను. బీచ్ అనే చెట్టు కర్ర ముక్క, మందపాటి హీల్, ఎత్తు 5 సెంటీమీటర్లు. కర్రలో నార పైనుంచి కిందికి ఉండాలి, అడ్డంగా ఉంటే సన్నటి చోట పుటుక్కున విరుగుతుంది. బయటి ఆకారానికి ఒక సాయంత్రం పట్టింది. పై గుంటకి మూడు రోజులు!

ఆ గుంట తీయడానికి నా ఆయుధం పాత లిప్‌స్టిక్. చెప్పు మడమ కింద పలచగా రాసి, హీల్‌ని తిన్నగా అదిమి తీస్తాను. కర్ర మీద ఎర్రగా అంటిన చోట ఎత్తుందని అర్థం. అంత మేరే గుండ్రటి ఆకురాయితో నాలుగు రుద్దులు. మళ్లీ రాయడం, మళ్లీ అదమడం. మొదట్లో రెండు అంచుల మీదే రెండు ఎర్ర గీతలు పడేవి, మధ్యంతా తెల్లగా. ఇరవయ్యోసారికి గీతలు వెడల్పయ్యాయి. ఎన్నోసారికో లెక్క తప్పింది, అప్పటికి గుంటంతా పలచటి గులాబీ రంగు. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే చెప్పుకీ హీల్‌కీ మధ్య సందు లేదు. ఆ నిమిషంలో ఇంట్లో ఎవరూ లేకపోవడం నా దురదృష్టం.

పెన్సిల్‌లా సన్నగా, ఎత్తుగా ఉండే స్టిలెట్టో హీల్ జోలికి మాత్రం పోలేదు. 1950ల్లో ఆ హీల్ వచ్చిందే లోపల ఉక్కు పెట్టడం వల్ల. అంత సన్నటి వట్టి కర్ర మనిషి బరువు మొయ్యలేదు. ఒకసారి త్రీడీ ప్రింటర్‌తో సన్నటి హీల్ నిలబెట్టి ముద్రించాను. పొరలు అడ్డంగా పడ్డాయి కదా, సరిగ్గా ఒక పొర దగ్గర కత్తితో కోసినట్టు విరిగింది. అదృష్టం, అప్పుడు దాన్ని చేత్తో వంచి చూస్తున్నాను, కాలికి లేదు.

బిగించడంలో తొందరపడకూడదు. జిగురు హీల్‌ని కదలకుండా పట్టుకోవడానికే, అసలు పట్టు స్క్రూది. అచ్చు బయటికి లాగాక, చెప్పు లోపలి నుంచి మధ్యలో ఒక పొడవాటి స్క్రూ, చుట్టూ నాలుగు గరుకు మేకులు. కర్రలో నార నిలువుగా ఉంటుంది కాబట్టి పొట్టి స్క్రూ నిలవదు. ముందు సన్నటి బెజ్జం వేయకపోతే కర్ర చీలుతుంది. చీలింది కూడా, అందుకే కుడి హీల్ రెండుసార్లు చెక్కాల్సి వచ్చింది.

హీల్ మీద పలచగా గీసిన తోలు తడిపి, సాగదీసి చుట్టాను. అతుకు ముందు వైపు, నిలబడితే కనపడని చోట. బిళ్లలు కొట్టాక టేబుల్ మీద పెట్టి కాగితం దూర్చి చూశాను. ఎడమదాని కింద ఎటునుంచీ దూరలేదు. కుడిదాని కింద వెనక మూల నుంచి గోరంత లోపలికి పోయింది. బిళ్లని గరుకు కాగితం మీద రెండుసార్లు లాగితే అదీ ఆగింది. చెల్లి ఈసారి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఏమీ అనకుండా వాటితోనే బయటికి వెళ్లిపోయింది. ఇంకా తిరిగివ్వలేదు.