పద్నాలుగు రోజుల లెక్క

2016 ఆగస్టులో మా ఏడేళ్ళ అబ్బాయికి విరేచనాలు మొదలైనప్పుడు మేము ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివార్లలో ఉంటున్నాము. అంతకు ముందు శుక్రవారమే శ్రావణమాసపు పేరంటానికి వెళ్ళివచ్చాము కనుక, నేరమంతా అక్కడ తిన్న పులిహోర మీదికి నెట్టేశాము. రెండు రోజులకు వాడు తేరుకున్నాడు. గురువారం ఈత క్లాసు ఉంది, డబ్బు ముందే కట్టేశాము, పిల్లవాడు హుషారుగానే ఉన్నాడు, పంపించాను. ఆ రోజు వాడితోపాటు నేనూ నీటిలో దిగాను.

ఆదివారం వాడికి జబ్బు తిరగబెట్టింది. మరో నాలుగు రోజులకు నాకూ పట్టుకుంది. రోజుకు పన్నెండు, పదిహేను సార్లు నీళ్ళలాంటి విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, కొద్దిపాటి జ్వరం, అన్నం వాసన వస్తేనే వికారం. ఒక రోజు తగ్గినట్టే అనిపించి, మరునాడు మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ వేసవికి మా ఇంటికి వచ్చిన మా అత్తగారు ఉప్పు వేసిన పలచని గంజి గంటగంటకూ తాగించకపోతే నేను ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకోవలసి వచ్చేదేమో.

మొదట చూసిన డాక్టరు వైరస్ అన్నారు. మలపరీక్షలో ఏమీ కనిపించలేదు. రెండవ డాక్టరు మాత్రం "పిల్లవాడు ఈతకు వెళ్తాడా?" అని అడిగి, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి పేరు రాసి మరీ పరీక్షకు పంపారు. పేరు పెట్టి అడిగితే తప్ప మామూలు పరాన్నజీవుల పరీక్షలో దానికోసం చూడరని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరికీ అదేనని తేలింది.

"చెరువులో ఈదుతూ పెరిగిన మాకు రాని రోగం, మందు కలిపిన నీళ్ళలో ఎట్లా వచ్చిందమ్మాయ్?" అన్నారు అత్తగారు. అడగవలసిన ప్రశ్నే. పూల్ గట్టున ఘాటైన వాసన తగిలితే నీరు శుభ్రంగా ఉందని నేనూ నమ్మేదాన్ని; అది చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే క్లోరమీన్ల వాసన అట. నీటిలో క్లోరిన్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే ఈ.కొలై బాక్టీరియా చాలా రకాలు నిమిషంలోపే చస్తాయి. క్రిప్టోస్పోరిడియం గట్టి పెంకులో దాక్కుని అదే నీటిలో పది రోజులకు పైగా బతుకుతుంది. పైగా అది 4 నుంచి 6 మైక్రాన్ల మేర మాత్రమే ఉంటుంది కనుక, మామూలు ఇసుక ఫిల్టరు దాన్ని సరిగా పట్టుకోలేదు.

జబ్బు తేలాక స్థానిక ఆరోగ్యశాఖ నుంచి ఒకామె ఫోన్ చేశారు. అమెరికాలో ఈత కొలనులన్నింటినీ తనిఖీ చేసే కేంద్ర సంస్థ అంటూ లేదు. వ్యాధుల నివారణ చూసే కేంద్ర సంస్థ సీడీసీ 2014లో ఒక నమూనా నియమావళి విడుదల చేసింది గాని, దాన్ని పాటించడం పాటించకపోవడం రాష్ట్రాల ఇష్టం. ఒహాయోలో లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ స్థానిక ఆరోగ్యశాఖలే. నేను కోపంగా "మా పూల్‌ను అసలు తనిఖీ చేశారా?" అని అడిగాను. చేశారట, క్లోరిన్, పీహెచ్ రెండూ నిబంధనల ప్రకారమే ఉన్నాయట. ఆ తర్వాత ఆమె మెత్తగానే అడిగారు: "బాబుకు విరేచనాలు మొదలయ్యాక ఎప్పుడైనా నీటిలోకి దిగాడా?"

గురువారం సంగతి చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఈ జబ్బు వచ్చినవారు విరేచనాలు పూర్తిగా ఆగిన తర్వాత కూడా రెండు వారాలపాటు నీటిలో దిగకూడదన్నది సీడీసీ సూచన, ఎందుకంటే ఒళ్ళు కుదుటపడ్డాక కూడా ఆ క్రిములు మలంతో బయటికి పోతూనే ఉంటాయి. క్లోరిన్‌ను నీటిలో ముంచే పరీక్ష పట్టీతో కొలవవచ్చు. ఎవరింట్లో ఎవరికి కడుపు చెడిందో ఏ ఇన్‌స్పెక్టరు కొలుస్తాడు? ఆ సంవత్సరం ఒహాయోలో 1,940 కేసులు నమోదయ్యాయి; అంతకు ముందు నాలుగేళ్ళలో ఏ ఏడూ 571 దాటలేదు. వాటిలో రెండు మావి. గురువారం మా పక్కన ఈదిన పిల్లల ఇళ్ళలో ఇంకెన్ని ఉన్నాయో.

పూల్ మూసి, క్లోరిన్ మోతాదు లీటరుకు 20 మిల్లీగ్రాములకు పెంచి, దాదాపు పదమూడు గంటలు అలా ఉంచి శుద్ధి చేశారు. మాకు నిటాజోక్సనైడ్ అనే మందు మూడు రోజులు ఇచ్చారు. అబ్బాయికి పానకంలా, నాకు మాత్రలుగా. వాడు వారంలో కోలుకున్నాడు. నేను ఐదు కిలోలు తగ్గి, మెట్లెక్కితే ఆయాసపడుతూ, సెప్టెంబరు నడిమికి గాని మనిషిని కాలేదు.

వాడికి విరేచనాలు ఆగిన రోజును వంటింటి క్యాలెండరులో సున్నా చుట్టి, అక్కడినుంచి పద్నాలుగు గళ్ళు లెక్కపెట్టాను. అవి ముగిసేసరికి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటిపోయి, ఆ ఏటికి పూల్‌కు తాళం పడింది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. నేను అడగనూ లేదు.