పెదనాన్న సీడీ, పేజ్‌మేకర్ తెలుగు

మా పెదనాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక మా ఊరి చరిత్ర రాశాడు. పాత దస్తావేజులు, గుళ్లో శాసనం, ముసలాళ్లు చెప్పిన సంగతులు అన్నీ పోగేసి 2006లో సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. కాపీలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు మనవలు ఫోన్లో అయితే చదువుతామంటున్నారట. అందుకని డీటీపీ సెంటర్ వాళ్లు అప్పట్లో ఇచ్చిన సీడీని నాకు పంపించాడు. "నువ్వు బెంగళూరులో చేసేది కంప్యూటర్ ఉద్యోగమేగా, దీన్ని ఫోన్లోకి ఎక్కించు" అని ఒక్క ముక్క. ఆయన లెక్కలో అది పెన్‌డ్రైవ్‌లోంచి పాట కాపీ చేసినంత పని.

అసలు ఆ సీడీ పెట్టడానికే నా లాప్‌టాప్‌లో చోటు లేదు. ఓ శనివారం చిక్‌పేట మెట్రోలో దిగి, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్‌పీ రోడ్‌కి నడిచాను. ఆన్‌లైన్లో ఆర్డరిస్తే మర్నాటికల్లా ఇంటికొస్తుంది, నిజమే. కానీ అక్కడైతే కౌంటర్ మీద పెట్టించి, మన సీడీ తిరుగుతుందో లేదో చూసుకుని కొనొచ్చు. వచ్చీరాని కన్నడలో "ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్ ఇదెయా" అని అడిగితే, కొట్టాయన నా యాస పట్టేసి "ఉంది రండి, పాత సీడీనా?" అని తెలుగులోకి దిగాడు. వాళ్ల తాతల కాలం నుంచీ ఇక్కడేనట. డ్రైవ్ కాసేపు గుర్రుమని, ఆగి, మళ్లీ గుర్రుమని చివరికి ఫోల్డర్ చూపించింది. "ముందు కాపీ చేసుకోండి సార్, ఈ సీడీలని నమ్మడానికి లేదు" అంటూ ఓ పెన్‌డ్రైవ్ కూడా అంటగట్టాడు. బేరం పెద్దగా కుదర్లేదు, అది వేరే సంగతి.

లోపలున్నవి పేజ్‌మేకర్ 6.5 ఫైళ్లు. అచ్చుకి పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ అది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. దాని కోసం ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచీ ఈ ఫైళ్లని తెరుస్తుంది. అందులో బొమ్మలు గీసే భాగమైన డ్రాలో తెరిచాను. పేజీ నిండా ఇంగ్లిషు అక్షరాలు, వాటి నెత్తిన ఫ్రెంచివాళ్ల గీతలు, మధ్యలో డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు. తెలుగు ఒక్క ముక్క లేదు.

ఫైలు చెడిపోలేదు, అప్పటి పద్ధతే అది. పాత డీటీపీ ఫాంట్లకి అందుబాటులో ఉన్నవి ఒక బైటులో పట్టే 256 కోడ్‌లే. అందుకని ఇంగ్లిషు 'ఏ' ఉండాల్సిన స్థానంలో ఒక తెలుగు ముక్క బొమ్మ, 'బి' స్థానంలో ఇంకో ముక్క బొమ్మ పెట్టుకున్నారు. తలకట్టు విడిగా, గుడి విడిగా, ఒక్కో వత్తు విడిగా. ధకారం కింద గీత కూడా విడిగానే. కాగితం మీద ముక్కలన్నీ ఒద్దికగా అతుక్కుంటే తెలుగు కనిపిస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అక్కడున్నది తెలుగని తెలీదు. వెతకడం, కాపీ చేయడం, ఫోన్లో చదివించుకోవడం ఏవీ కుదరవు.

ఇప్పటి పద్ధతి యూనికోడ్, అంటే ప్రపంచంలోని లిపులకి నంబర్లిచ్చే ప్రమాణం. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్లోనే తెలుగు ఉంది. అందులో ప్రతి అక్షరానికీ సొంత నంబర్ ఉంటుంది, వరుస పలికే క్రమంలో ఉంటుంది. 'స్త్రీ' తీసుకోండి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు కోడ్‌లు. నా ఫైల్లో మాత్రం కంటికి కనబడే వరుస. ముందు గుడిదీర్ఘంతో సహా 'సీ', తర్వాత త వత్తు, ఆ తర్వాత క్రావడి. అంటే ముక్కకి ముక్క మార్చేస్తే సరిపోదు, గుడిదీర్ఘం లాంటి అచ్చు గుర్తుని పట్టుకుని వత్తులన్నీ దాటించి చివరికి తీసుకెళ్లాలి.

ఈ పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే ఉచిత కన్వర్టర్లు నెట్లో ఉన్నాయి, చాలామటుకు బాగానే చేస్తాయి. నా చిక్కు వేరు. పుస్తకంలో అక్కడక్కడా ఇంగ్లిషు ఉంది: డిగ్రీల పేర్లు, కలెక్టరు ఉత్తర్వుల్లో వాక్యాలు. కోడ్‌లు రెంటికీ ఒకటే కాబట్టి, ఉత్త టెక్స్ట్ ఇస్తే కన్వర్టర్ ఆ ఇంగ్లిషుని కూడా తెలుగు ముక్కలనుకుని నలిపేస్తుంది. ఏ ముక్క ఏ ఫాంట్‌లో ఉందో తెలియాలి. అందుకని లిబ్రేఆఫీస్‌లో దాని సొంత ఫార్మాట్ ఓడీఎఫ్‌గా సేవ్ చేశాను. ఆ ఫైలు నిజానికి ఒక జిప్. విప్పితే లోపల ఎక్స్‌ఎంఎల్, అంటే గుర్తులు తగిలించిన టెక్స్ట్, ఉంటుంది, ఏ వాక్యం ఏ స్టైల్లో ఉందో, ఆ స్టైల్ ఏ ఫాంటో అందులో రాసే ఉంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఓ స్క్రిప్ట్ రాసి, దాంతో చదివి, తెలుగు ఫాంట్ ఉన్నవాటినే మార్చి, ఇంగ్లిషుని ముట్టుకోకుండా వదిలేశాను.

మార్పిడి పట్టిక తయారు చేయడం గుమాస్తా పని. ఓ పక్క అచ్చు పుస్తకం, ఓ పక్క స్క్రీన్. మారతహళ్లిలో మా పీజీలో రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ ఖాళీ చూసుకుని కూర్చునేవాణ్ణి. పొడవైన జతల్ని ముందు మార్చాలి, ఒంటి ముక్కల్ని తర్వాత. లేకపోతే రెండు ముక్కలు కలిస్తే అయ్యే అక్షరం మధ్యలోనే విరిగిపోతుంది. ఐత్వం ఇంకో తంటా. పైన ఎత్వం, కింద మెలిక, 'స్థైర్యం' లాంటి చోట ఆ రెంటి మధ్యలో థ వత్తు. వత్తుని జరిపి ఆ రెంటినీ పక్కపక్కన చేర్చాక, పైథాన్‌లోని యూనికోడ్ నార్మలైజేషన్ వాటిని ఒకే ఐత్వంగా కలిపేస్తుంది.

అసలు పరీక్ష వలపలగిలక, అంటే హల్లుకి ముందు పలికే రకారాన్ని దాని పక్కన రాసే పాత గుర్తు. పెదనాన్న పాతకాలం మనిషి, 'ధర్మం' అంటే పక్కన ఆ గిలక ఉండాల్సిందే అని అప్పట్లో డీటీపీ అబ్బాయి పక్కన కూర్చుని మరీ వేయించాడట. గిలక మకారం తర్వాత కనిపిస్తుంది, యూనికోడ్‌లో రకారం మకారానికి ముందు రావాలి. అచ్చు గుర్తు వెనక్కి పోవాలి, ఈ గిలక ముందుకి రావాలి.

పొల్లు తర్వాత ఇంకో హల్లు వచ్చే చోట మరో గొడవ. 'స్టేషన్‌కి' అని ఉండాల్సింది, మధ్యలో ఏమీ పెట్టకపోతే 'స్టేషన్కి' అయిపోతుంది. కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తుని అక్కడ దూర్చాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం వచ్చి ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు కూలిపోయాయని వార్తలొచ్చాయి, గుర్తుందా? ఆ 'జ్ఞా' మధ్యలో ఉన్నది ఈ గుర్తే. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగువాళ్లం కాస్త గర్వపడ్డ మాట కూడా వాస్తవం.

స్క్రిప్ట్ ఎంత సాగదీసినా కొన్ని లొంగలేదు. టైపు చేసినాయన సున్నకి బదులు కొన్నిచోట్ల అంకెల్లోని సున్నా కొట్టాడు. అచ్చులో తేడా తెలీదు, కోడ్‌లో వేరు. ఇలాంటివి చదివి పట్టుకోవాల్సిందే, ఆ చదివే ఓపిక పెదనాన్నకే ఉంది. పాండాక్ అనే ఫైళ్లు మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఈపబ్, అంటే ఫోన్లో చదువుకునే ఈ-పుస్తకం, చేసి పంపించాను. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి: "నలభై రెండో పేజీ, రెండో పేరా, 'కుంట' కాదురా, 'కుంఠ' పడింది." వాటిలో సగం నా స్క్రిప్ట్ తప్పులు కావు, 2006 నాటి అచ్చుతప్పులు. ఇన్నాళ్లూ ఆయన కడుపులో పెట్టుకుని ఉన్నవన్నీ బయటికొచ్చాయి.

ఫోన్లో గిలక కనిపించట్లేదేమని కూడా అడిగాడు. ఇప్పటి ఫాంట్లు మామూలుగా రకారం కింద మ వత్తు వేసి చూపిస్తాయని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "సర్లే, పిల్లలకి అదే అలవాటు" అన్నాడు.

దిద్దడం ఇంత తేలికని తెలిశాక ఆయన ఊరుకుంటాడా? చెరువు మీద కొత్త అధ్యాయం మొదలెట్టాడు. చేత్తో రాసి ఫొటోలు పంపిస్తాడు, నేను ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో టైపు చేస్తాను. కట్ట తెగింది ఏ ఏడో ఇద్దరు ముసలాళ్లు రెండు రకాలుగా చెప్పారని, దాన్ని తేల్చుకోడానికి పక్కూరి కరణంగారి మనవడి వెంటపడుతున్నాడు. అది తేలేదాకా ఫైలు ఎవరికీ పంపొద్దన్నాడు.