కేబుల్ తీసేసిన రోజు

జూన్ 16, 2025, సోమవారం.

పొద్దున పదకొండింటికి కేబుల్ అబ్బాయి వచ్చి బాక్స్ తీసుకెళ్లిపోయాడు. టీవీ వెనక నుంచి కిటికీ సందులోంచి బయటికెళ్లి, వేపచెట్టు మీదుగా కరెంటు స్తంభం దాకా పోయే ఆ నల్ల వైరు నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి అలాగే ఉంది, అతను దాన్ని మోచేతికి చుట్టుకుంటూ లాగుతుంటే గోడ మీద వైరు ఉన్నంత మేరా సున్నం కొత్తగా, తెల్లగా బయటపడింది. అత్తయ్య గారు ఎప్పట్లాగే కాఫీ ఇచ్చారు. "మళ్లీ కావాలంటే ఒక్క ఫోన్ కొట్టండక్కా" అని వెళ్లిపోయాడు. వానొచ్చి సిగ్నల్ పోతే రాత్రి తొమ్మిదింటికైనా నిచ్చెనేసుకుని వచ్చే మనిషి, ఆ ఒక్క విషయంలో నాకు నిజంగా బాధగానే ఉంది.

కానీ నెలకి 380. ఈ నెల బాబు స్కూల్ ఫీజు, పుస్తకాలు అన్నీ కట్టాక ఖర్చులు రాసుకుంటూ కూర్చుంటే కేబుల్ ఒక్కదానికే ఏడాదికి 4,560 తేలింది. 2019లో కేబుల్ వాళ్లకి రూల్స్ పెట్టే ట్రాయ్ కొత్త రూల్ తెచ్చినప్పుడు చూసే చానళ్లకే డబ్బు కట్టొచ్చట అని ఎంత సంబరపడ్డామో, తీరా చూస్తే డబ్బులు కట్టే చానల్ ఒక్కటి కూడా ఎంచుకోకముందే 130, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు, ఆ పైన స్టార్ మా, జీ తెలుగు, జెమిని ఒక్కోటి 19, విడివిడిగా తీసుకుంటే ఎక్కువవుతుందని ప్యాక్ తీసుకున్నాం, ఆ ప్యాక్‌లో మా ఇంట్లో ఎవరూ ఒక్కరోజు కూడా పెట్టని చానళ్లే సగం.

అందుకే పోయిన నెల ఒక వారం ఎవరు ఏం చూస్తున్నారో క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాశాను. అత్తయ్య గారు స్టార్ మాలో రెండు సీరియళ్లు, మా ఆయన రాత్రి వార్తలు, బాబు క్రికెట్, అందరం కలిసి ఈటీవీలో ఒక కామెడీ షో. అంతే! వార్తలు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి, పైసా కట్టక్కర్లేదు. ఆ కామెడీ షో కూడా ముక్కలు ముక్కలుగా యూట్యూబ్‌లో పెట్టేస్తారు. సీరియళ్లు, క్రికెట్ ఏమో ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసిపోయి వచ్చిన జియోహాట్‌స్టార్ యాప్‌లో ఉన్నాయి, మూడు నెలలకి 149 అని చూసి ముందు అదే తీసుకోబోయాను గానీ అది ఫోన్లో చూడ్డానికే, టీవీలో రావాలంటే అప్పుడున్న రేట్ల ప్రకారం 299ది తీసుకోవాలి, ఏడాదికైతే 899, యాడ్స్ మామూలుగానే వస్తాయి. 899 కట్టేశాను. ఆహా, సన్ నెక్స్ట్ యాప్‌లు కూడా అన్నీ తీసుకోమని చెల్లి చెప్పింది, అన్నీ తీసుకుంటే మళ్లీ కేబుల్ బిల్లు దగ్గరికే వస్తాం. ఇంకొకళ్లు టెలిగ్రామ్ లింకులు పంపిస్తామన్నారు, వద్దన్నాను, డబ్బు మిగుల్చుకోవడం వేరు, దొంగతనంగా చూడటం వేరు.

మా ఇంట్లో మా ఆయన ఆఫీసు పని కోసం నెట్ ఎలాగూ ఉంది కాబట్టి ఈ లెక్క కుదిరింది. నెట్ కూడా టీవీ కోసమే పెట్టించుకోవాలంటే మిగిలేదేం ఉండదు. బాపట్ల వైపు అమ్మ వాళ్ల ఊళ్లో అందుకే డీడీ ఫ్రీడిష్ పెట్టించాం, గొడుగు, బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేది ఏమీ లేదు. డీడీ సప్తగిరి చానల్ వస్తుంది, అమ్మకి అది చాలు. అత్తయ్య గారికి స్టార్ మా లేకపోతే కుదరదు.

అసలు నా భయమంతా రిమోట్ గురించే. పాత రిమోట్ మీద అంకెలు అరిగిపోయి ఏళ్లయింది, పైన వేసిన ప్లాస్టిక్ కవరు పసుపెక్కిపోయింది, అయినా ఆవిడ చూడకుండానే బొటనవేలితో మూడు అంకెలు నొక్కి తన చానల్‌కి వెళ్లిపోయేవారు. డెబ్బై ఏళ్ల మనిషి తన ఇంట్లో తన టీవీ పెట్టుకోవడానికి రోజూ మనవణ్ణి పిలవాల్సి వస్తే ఆ మూడు వేల ఆరొందలు మిగిలి ఏం లాభం? అందుకని నిన్న కొత్త రిమోట్ మీద స్టిక్కర్ బొట్లు అంటించాను, హాట్‌స్టార్ బటన్ మీద ఎర్రది, మధ్యలో ఓకే మీద మెరూన్‌ది, వెనక్కి రావడానికి ఆకుపచ్చది. ఎర్రబొట్టు, కిందికి ఒకసారి, మెరూన్ బొట్టు. పది సార్లు చేయించాను, మూడుసార్లు తప్పు పోయింది, ఆకుపచ్చ నొక్కి తనే వెనక్కి వచ్చారు. "ఇదేం బ్రహ్మవిద్య కాదులే అమ్మాయ్" అన్నారు. నాకెంత తేలికైందో.

డబ్బు కట్టిన వాళ్లకి ఎపిసోడ్ టీవీలో కంటే ముందే వచ్చేస్తుంది, మధ్యాహ్నమే చూసేయొచ్చు అత్తయ్య గారూ అంటే మాత్రం ఒప్పుకోలేదు. చీరాలలో వాళ్లక్క కూడా అదే సీరియల్ చూస్తారు, వాళ్లకి ఇంకా కేబులే. యాడ్స్ వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు, ఏడున్నరకి మొదలైతే ఎనిమిదింటి దాకా ఆ ఫోన్ పక్కన పెట్టరు. నేను ఇన్నాళ్లూ అది గమనించనే లేదు, సీరియల్ పిచ్చి అనుకున్నాను.

సాయంత్రం సరిగ్గా ఏడున్నరకి ఎర్రబొట్టు నొక్కారు, వచ్చింది. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. కాసేపటికి టీవీలో మాటలు ఆగిపోయాయి, నెట్ పోయిందేమోనని గబగబా వచ్చి చూస్తే బొమ్మ మధ్యలో ఆగి ఉంది, ఆవిడ మెరూన్ బొట్టు మీద వేలు పెట్టుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

"మీకింకా యాడ్సే వస్తున్నాయా అక్కా? సరే కానీ, నేను ఆపి ఉంచాన్లే, అయిపోగానే చెప్పు."