తమ్మెలు త్వరగా మానాయి, పైచెవే ఏడిపించింది

నేను చెవులు కుట్టించుకున్నది పెద్దయ్యాకే. రెండు తమ్మెలకూ చెరొకటి, కుడిచెవి పైన గట్టిగా ఉండే కార్టిలేజ్‌కి ఇంకొకటి. మూడూ ఒకే రోజు కుట్టించుకున్నా, మానిన తీరు మాత్రం దేనిదానిదే.

గన్‌తో వద్దని ముందే అనుకున్నాను. గన్ చేసేది మొద్దుగా ఉన్న స్టడ్‌ని బలంగా చెవిలోకి తోయడం. తమ్మె మెత్తగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుందేమో కానీ, కార్టిలేజ్ నలిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఒకసారి వాడి పారేసే సూదితో కుట్టేవారిని వెతుక్కున్నాను. వాచీ బకిల్ తగిలినచోట నాకు దురద పుడుతుంది, నికెల్ పడదు. సర్జికల్ స్టీల్ అనే దాంట్లోనూ నికెల్ ఉంటుంది కాబట్టి టైటానియం స్టడ్‌లే పెట్టించుకున్నాను. వాటి కాడలు చెవి మందం కంటే పొడుగ్గా ఉన్నాయేమిటని అడిగితే, "వాపు రావాలిగా, దానికి చోటు" అన్నారు. మర్నాడు పైచెవి ఉబ్బాక ఆ చోటు ఎందుకో తెలిసింది.

మొదటి రోజుల్లో ఎరుపు, వేడి, ముట్టుకుంటే నొప్పి. తర్వాత స్టడ్ చుట్టూ రసి కారి చెక్కు కట్టడం మొదలైంది. చీము పట్టిందేమోనని టెన్షన్. కానీ పల్చగా, వాసన లేకుండా కారి ఎండిపోయే ఆ రసి మానే పుండుకి మామూలే. చేతులు సబ్బుతో కడుక్కుని, పూటకోసారి చొప్పున రోజుకి రెండుసార్లు 0.9 శాతం స్టెరైల్ సెలైన్ స్ప్రే కొట్టి, చెక్కు నానాక గాజుగుడ్డతో అద్దేదాన్ని. దూది పోగులు స్టడ్‌కి చుట్టుకుంటాయి, అందుకే దాని జోలికి పోలేదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వాడలేదు. అవి క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాల్నీ దెబ్బతీస్తాయి.

అసలు పోరు మా అక్కతో. "ఇవాళ తిప్పావా? తిప్పకపోతే అతుక్కుపోతుందే!" అని రోజూ ఒకటే నస. కుట్టిన రంధ్రం లోపల కొత్త చర్మం రెండు చివరల నుంచీ మధ్యకి పాకుతూ వస్తుంది. స్టడ్‌ని తిప్పితే ఆ లేత పొర చిరుగుతుంది, బయట ఎండిన చెక్కు లోపలికి పోతుంది. ఇదంతా చెప్పినా అక్క నమ్మలేదు. నేనూ తిప్పలేదు.

తమ్మెలు మానడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. నావీ అలాగే, పెద్దగా పేచీ లేకుండా మానాయి. కార్టిలేజ్ సంగతి వేరు. దానికి సొంత రక్తనాళాలు ఉండవు, పైనున్న పల్చటి పొర నుంచే పోషణ అందాలి. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చు. ఆ కాలమంతా దువ్వెన, టీషర్టు మెడ, హెడ్‌ఫోన్, అన్నీ శత్రువులే. నాకు కుడివైపు తిరిగి పడుకుంటే గానీ నిద్ర రాదు. ప్రయాణాల్లో మెడకి పెట్టుకునే దిండు మధ్యనుండే ఖాళీలో చెవి ఆనించి పడుకోవడం నేర్చుకున్నాను. చూసేవాళ్లకి నవ్వొచ్చినా నిద్ర మాత్రం పట్టింది.

వాపు తగ్గిన కొన్నాళ్లకి, కుట్టు వెనక చిన్న ఎర్రటి బొడిపె లేచింది. కీలాయిడ్ అనుకుని వణికిపోయి డాక్టర్‌కి చూపించాను. కీలాయిడ్ అంటే ఉబ్బెత్తుగా పెరిగే మచ్చ, అది గాయం హద్దు దాటి పక్క చర్మం మీదికి పెరుగుతూ పోతుందట. నాది రంధ్రాన్నే అంటిపెట్టుకుని ఉంది, రాపిడి వల్ల వచ్చిందేనన్నారు. వాపు పోయాక పొడుగు కాడ ఊగుతూ జుట్టుకి తగులుకుంటోంది మరి. కుట్టినవారి దగ్గరే పొట్టి కాడ వేయించుకున్నాక బొడిపె మెల్లగా అణిగింది.

డాక్టర్ చెప్పిన ఇంకో మాట నాకు కొత్త. ఎరుపు చుట్టుపక్కలకి పాకినా, చెవి సలుపుతున్నా, చిక్కటి చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి. అప్పుడు కంగారుపడి స్టడ్ మనమే పీకేయకూడదు. రంధ్రం మూసుకుపోతే చీము లోపలే చిక్కుకుంటుంది. పైచెవికి ఇన్ఫెక్షన్ ముదిరితే కార్టిలేజ్ పాడై చెవి ఆకారమే మారిపోవచ్చు, అందుకని అక్కడ ఇంకా తొందరపడాలి.

తమ్మెలకి ఇప్పుడు నచ్చిన కమ్మలు మారుస్తున్నాను, కానీ రాత్రిళ్లు ఖాళీగా వదలను, కొత్త రంధ్రం త్వరగా బిగుసుకుపోతుంది. పైచెవికి రింగు పెట్టుకోవాలన్నది మొదటినుంచీ ఉన్న కోరిక. రింగు కదులుతూ రాపిడి పెడుతుంది కాబట్టి, పూర్తిగా మానేదాకా అక్కడ స్టడ్డే.