జూన్‌లో పుట్టిన పిల్లలు

రిటైరయ్యాక ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే హోమ్‌లో పిల్లలకు లెక్కలు చెప్తున్నానంటాను. అనాథ పిల్లల హోమ్ అనుకొని చాలామంది మెచ్చుకుంటారు. కేసుల్లో పట్టుబడిన పిల్లలుండే హోమ్ అని చెప్పగానే గొంతు తగ్గించి, ‘భయం కాదా మేడం?’ అంటారు. నాకేం భయం లేదు. భయమంతా వాళ్లకే, భిన్నాలంటే.

హోమ్ ఏ ఊళ్లో ఉందో, పిల్లలెవరో ఇక్కడ రాయను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం వాళ్ల పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ బయటపెట్టకూడదు. అందుకే ఊళ్లు మార్చాను, ఒకరి మాట ఇంకొకరి నోట పెట్టాను. లెక్కలు మాత్రం మార్చలేదు.

గేటు దగ్గర ఫోన్ ఇచ్చేసి లోపలికి పోవాలి. కంపాస్ బాక్సు కుదరదు, అందులో మొనదేలినవి ఉంటాయి. షార్ప్‌నర్‌లో బ్లేడు ఉంటుంది కాబట్టి అదీ కుదరదు. పెన్సిళ్లు ఇంట్లోనే చెక్కుకొని, లెక్కపెట్టి తీసుకెళ్లి, లెక్కపెట్టి తెచ్చుకుంటాను. జామెట్రీ అంతా కాగితం మడతలతోనే. త్రిభుజం కత్తిరించుకొని వెళ్లి తలా ఒకటి ఇస్తే, మూడు మూలలూ అడుగు గీత మీద ఒక్కచోటికి మడిచి, సందు లేకుండా అతుక్కోవడం చూసి నమ్మక మళ్లీ విప్పి చూసుకుంటారు. 180 డిగ్రీలని బోర్డు మీద ఎన్నేళ్లు రాశానో, కానీ ఇట్లా విప్పి చూసుకున్నవాళ్లను బడిలో చూడలేదు.

బడిలో ఒక అధ్యాయం రెండు వారాలు సాగదీసినా నడుస్తుంది. ఇక్కడ ఆ పూట పాఠం ఆ పూటే అయిపోవాలి. ఈ వారం ముందు వరసలో కూర్చున్నవాడు వచ్చే వారం ఉంటాడన్న గ్యారంటీ లేదు. పేషీకి పోయినవాడు బెయిల్ వస్తే అటునుంచి అటే ఇంటికి పోతాడు, పోవాలి కూడా. పిల్లల విషయంలో బెయిల్ ఇవ్వడమే మామూలు, ఆపాలంటే ఈ కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు కారణం రాయాలి. విచారణ కూడా నాలుగు నెలల్లో ముగించాలి, ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. కాబట్టి ‘మిగతాది వచ్చే వారం’ అన్న మాట నేను మానేశాను.

ఎక్కువ రోజులు మిగిలిపోయేది పెద్ద కేసులవాళ్లే అనుకుంటారు. జమానతుకు, అంటే పూచీకత్తుకు మనిషి రానివాళ్లు కూడా మిగిలిపోతారు. నారాయణపేట, కోస్గి వైపు పిల్లలైతే అమ్మానాన్నలు భివండీలోనో పుణెలోనో మేస్త్రీ కింద పనిలో ఉంటారు. ఊళ్లో ఉన్నది నాయనమ్మ. ఆమె బోర్డు ఎక్కడుందో కనుక్కోవాలి, బస్సెక్కాలి, ఆధార్ జిరాక్సు తేవాలి, తిరిగి చీకటి పడకముందే ఇల్లు చేరాలి.

‘ఏం చేసి వచ్చినవ్’ అని నేను ఎవర్నీ అడగను. అక్కడ అందరూ అడిగేది అదే. ‘ఏం పని చేసేటోడివి బిడ్డా’ అని అడుగుతాను. బడి మానేసినవాళ్లే ఎక్కువ కాబట్టి ఏదో ఒక పని చెప్తారు. ఒకడు స్లాబు పోసే గుంపులో పనిచేశాడట. నిష్పత్తుల పాఠం వాడికే అప్పజెప్పాను. ‘స్లాబుకైతే ఒకటి, ఒకటిన్నర, మూడు మేడం. సిమెంటు ఒక తట్ట, ఇసుక తట్టన్నర, కంకర మూడు తట్టలు’ అన్నాడు. సిమెంటు నాలుగు తట్టలైతే? వెంటనే చెప్పాడు, ఇసుక ఆరు, కంకర పన్నెండు. అదే లెక్కను 1 : 1.5 : 3 అని బోర్డు మీద రాస్తే, ‘ఇది నాకు రాదు మేడం, నేను అయిదు దాకనే చదివిన’ అని వెనక్కి జరిగాడు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరం తగ్గించడమే అక్కడ నా పని.

అన్నిటికంటే బాగా నడిచిన పాఠం తేదీల తీసివేత. అదెందుకో తెలియాలంటే మా రిజిస్టర్ల సంగతి చెప్పాలి.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరింది దేవరకొండ అవతల, తండాల మధ్య బడిలో. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ గడి ఖాళీగా వదలకూడదు. ‘ఎప్పుడు పుట్టిండమ్మా?’ అంటే ‘కాముని పున్నం ముంగట’ అనో, ‘మా బాయి ఎండిన ఏడు’ అనో చెప్పేవాళ్లు. కాన్పులు ఇంట్లోనే, కాగితం ఎక్కడిది? బడి తెరిచేది జూన్‌లో. అప్పటికి అయిదేళ్లు నిండేట్టు వెనక్కి లెక్కేసి జూన్‌లో ఒక తేదీ వేసేవాళ్లం. అప్పటి రిజిస్టర్లు తిరగేస్తే వరసగా జూన్ పుట్టినరోజులే. అంతెందుకు, నా సర్వీసు పుస్తకంలో నేనూ జూన్‌లోనే పుట్టాను. బతుకమ్మ పండుగకు ముందు పుట్టావని మా అమ్మ చివరిదాకా అంటూనే ఉండేది. అయినా నన్ను జూన్ 30నే శాలువా కప్పి పంపించారు.

ఇప్పుడు ఆస్పత్రి కాన్పులే కాబట్టి ఈ బాధ తగ్గింది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకైతే బడిలో చేరాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం. హోమ్‌లో ఉన్న పిల్లలు అంతకుముందు పుట్టినవాళ్లు. వయసు తేల్చేటప్పుడు బోర్డు మొదట చూసేది బడి ఇచ్చిన తేదీ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన పత్రం. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఇదే. అది కూడా ఇవాళ్టి వయసు కాదు, సంఘటన జరిగిన రోజున ఎంత అన్నది. ఆ రోజుకు 18 నిండలేదంటే హోమ్, నిండిందంటే జైలు. ఘోరమైన నేరమని చట్టం లెక్కగట్టే కేసుల్లో 16 నిండిందా లేదా అన్నది ఇంకో గీత. పంతులు కుర్చీలో కూర్చొని వేసిన తేదీ మీద ఇంత బరువు పడుతుంది.

ఇది పిల్లలకు మనకంటే బాగా తెలుసు. వాళ్లవి కాని తేదీలు తీసుకొని బోర్డు మీద వేశాను. సంఘటన 2023 ఏప్రిల్ 20, పుట్టింది 2005 జూన్ 10. రోజుల్లో పది మిగిలాయి. నాలుగు నెలల్లోంచి ఆరు పోవు, పక్క గడి నుంచి అప్పు తేవాలి. ఎంత వస్తుంది? ‘పది’ అన్నారు కొందరు అలవాటు కొద్దీ. ‘ఏడాదికి పది నెలలా బే’ అని ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు. పన్నెండు కలిపితే పదహారు, ఆరు పోతే పది. 17 ఏళ్ల 10 నెలల 10 రోజులు. తీసివేతలు రావన్నవాడే ముందు చెప్పాడు.

అంతలో వెనక నుంచి ఒక ప్రశ్న. ‘మేడం, ఆళ్ల అమ్మ సంకురాత్రికి పుట్టిండన్నదనుకో?’ సరే, జనవరి 15 వేసి చూడమన్నాను. ఈసారి ఎవరికీ అప్పు అక్కర్లేకపోయింది. 18 ఏళ్ల 3 నెలల 5 రోజులు. కాసేపు గోల గోల. ‘అయితే పంతులే బతికిచ్చిండు’ అన్నాడొకడు. ‘అటుదిటు రాస్తే ముంచుడు గూడ పంతులే’ అన్నాడు ఇంకొకడు. ఇద్దరి మాటా నిజమే, నేనేం కలపలేదు.

బయటికి పోయాక చదువు సంగతి వేరే తలనొప్పి. ఒక పిల్లవాణ్ని మళ్లీ చేర్చుకోమని అడగడానికి నేనే వెళ్లాను. హెడ్మాస్టరు కుర్చీ వేసి టీ ఇచ్చి, ‘మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు మేడం’ అన్నాడు. మిగతా తల్లిదండ్రులకు ఎవరు చెప్తారు అంటే జవాబు లేదు. కేసు ముగిశాక దాని వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు ఇవ్వకూడదు. చట్టం అంత దూరం ఆలోచించింది, స్టాఫ్‌రూమే ఇంకా ఆలోచించలేదు. ఓపెన్ టెన్త్ ఉంది కాబట్టి కొంత నయం. 14 ఏళ్లు నిండితే చాలు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, మిగిలినవి మెల్లగా తీర్చుకోవచ్చు. ఇన్నిసార్లు తెగిపోయే చదువుకు ఆ పద్ధతే సరిపోతుంది. అందుకే ఒక్కొక్కరికి ఏ ఒక్క సబ్జెక్టు ముందు గట్టెక్కుతుందో చూసి అదే పట్టుకోమంటాను. లెక్కలే పట్టుకోమని చెప్పను, నాకు అంత పిచ్చి లేదు.

మొన్న వడ్డీ లెక్కలు చెప్పమని వాళ్లే అడిగారు. పుస్తకంలో ‘సంవత్సరానికి 8 శాతం’ అని ఉంటుంది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి మూడు, ఏడాదికి 36 శాతం. అది రాయగానే ఒకడు తల గీరుకొని, ‘ఇరవై వేలకు నాలుగు నెలలంటే ఎంతైతది మేడం’ అన్నాడు. రెండు వేల నాలుగు వందలు. వకీలుకు ఇవ్వడానికి వాళ్లమ్మ తెచ్చిందట.

ఆదివారం ఆమె వచ్చినప్పుడు కలిశాను. పిల్లల కేసుల్లో ఆదాయం ఎంతన్నది చూడకుండా వకీలును ఉచితంగా పెడతారని, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుందని, 15100కు ఫోన్ చేసినా చాలని చెప్పాను. ‘ఇచ్చిన పైసలు మల్ల ఇస్తరా అమ్మా’ అంది. ఇచ్చినవి రావు. ఇంకో పది వేలు అడుగుతున్నారట, అవి ఇవ్వొద్దని చెప్పి, నంబరు రెండుచోట్ల రాసిచ్చాను. ఒకటి ఆమెకు, ఒకటి ఇంటి దగ్గర ఫోనున్న మరిదికి.