దూకకుండా దిగి రావచ్చు

అమెరికాలో 18 ఏళ్ళు నిండితే చాలు, పారాషూట్ కట్టుకుని విమానంలోంచి దూకడానికి అమ్మానాన్నల సంతకంతో పనిలేదు. నిండకపోతే మనం సంతకం పెడతామన్నా దూకించే మైదానాల్లో, అదే డ్రాప్‌జోన్లలో, దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. ఎటు చూసినా తల్లిదండ్రుల మాటకి చోటులేని వ్యవహారం. మా ఇంట్లో కారు కొనాలన్నా అందరం కూర్చుని మాట్లాడుకుంటాం. అలాంటిది, 13,000 అడుగుల మీంచి దూకడానికి నీ అనుమతి అక్కర్లేదమ్మా అని మా పెద్దది ఫారం చూపించి మరీ చెప్పింది. మర్యాదగానే చెప్పిందనుకోండి.

దీనికి ముందు విమానం నడపడం నేర్చుకుంది. ఇక్కడ 16 ఏళ్ళకి చిన్న విమానాన్ని ఒంటరిగా నడపొచ్చు, 17కి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోవచ్చు. ఇంజిన్ లేని గ్లైడర్ అయితే 14కే ఒంటరిగా పంపిస్తారు. మా అమ్మాయికి నేర్పిన పెద్దాయనకి డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పటినుంచీ నడుపుతూనే ఉన్నారు, దూకుతూనే ఉన్నారు. ఎన్నిసార్లు దూకారని అడిగితే లాగ్‌బుక్‌లో ఉంటుంది చూసుకోమంటారు. వేలల్లోనే ఉంటుంది. మా పిల్లలిద్దరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు, అలా పిలవమన్నది ఆయనే. నాకు మాత్రం నోరు రాదు. ఇన్నేళ్ళయినా ‘సర్’ అనే అంటాను, ఆయన ప్రతిసారీ నవ్వుతారు.

ఆయన చెబితే వింటుందేమో, ఈ దూకడం మాన్పిస్తారేమోనని వెళ్ళాను. మానమనీ అనలేదు, ఏం పర్లేదనీ అనలేదు. హ్యాంగర్‌లోంచి ఒక రిగ్, అంటే దూకేవాళ్ళు వీపుకి తగిలించుకునే పారాషూట్ల సంచీ, తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో రెండు పారాషూట్లు: మామూలుగా తెరిచే మెయిన్, అది మొరాయిస్తే వాడే రిజర్వ్. మెయిన్ పారాషూట్‌ని దూకేవాళ్ళే మడుచుకోవచ్చు. రిజర్వ్‌ని మాత్రం ఎఫ్‌ఏఏ (అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ) సర్టిఫికెట్ ఉన్న రిగ్గరే, అంటే పారాషూట్లు మడిచే నిపుణులే, మడవాలి. వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, చూసి, మళ్ళీ మడిచి, ఎర్ర దారం కట్టి, సీసపు సీలు నొక్కి, కార్డు మీద సంతకం పెట్టాలి. ఆయన ఆ ఎర్ర దారాన్ని గోటితో మెల్లిగా మీటి చూపించారు. ఇది తెగి ఉంటే ఆ రిగ్‌తో దూకరట. ఎందుకు తెగింది, ఎవరు తెంపారు అన్నది తర్వాతి మాట.

అక్కణ్ణుంచి వేళ్ళతో ఒక్కొక్కటే తడుముతూ వెళ్ళారు. భుజాల దగ్గర మెయిన్‌ని పట్టి ఉంచే, ఒకదాంట్లోంచి ఒకటి దూరిన మూడేసి రింగులు. తర్వాత మూడు పట్టీలు, ఛాతీకి ఒకటి, తొడలకి రెండు. తర్వాత మూడు హ్యాండిళ్ళు: మెయిన్ తెరిచేది, పాడైన మెయిన్‌ని వదిలించుకునేది, రిజర్వ్ తెరిచేది. రిగ్ తొడుక్కునే ముందు ఒకసారి, విమానం ఎక్కే ముందు ఒకసారి, దూకే ముందు ఒకసారి ఇదంతా చూసుకోవాలి. వేలసార్లు చేసిన మనిషి ఆ మూడు రింగుల దగ్గర ఆగి, వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. ఆ పూట ఆయన దూకేదీ లేదు, ఆ రిగ్ ఆయనదీ కాదు.

ధైర్యం అన్న మాట ఆయనకి గిట్టదు. ధైర్యం చూపించాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏదో ఒకటి సరిగ్గా చేసుకోలేదని ఆయన లెక్క. ఇంట్లోనూ అంతే. నిచ్చెన ఎక్కితే కింద ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే. కారెక్కితే ఫోన్ చేతికి అందని చోట పెడతారు. నిద్ర చాలని రోజు విమానం దరిదాపులకి పోరు. పైలట్లకి విమానాన్ని చూసుకునే చిట్టాతో పాటు తమని తాము చూసుకునే చిట్టా కూడా ఒకటుంది. ఒంట్లో బాగుందా, మందులేమైనా వేసుకున్నానా, టెన్షన్‌లో ఉన్నానా, తాగానా, అలసిపోయానా, మనసు కుదురుగా ఉందా? మా అబ్బాయి దీన్ని కాగితం మీద రాసి వంటింట్లో అంటించాడు. నేను వాడి మీద అరవబోతే చాలు, వరసగా ఒక్కొక్కటీ అడుగుతాడు. చాలాసార్లు నాకు టేకాఫ్ అనుమతి దొరకదు.

మనవాళ్ళు నిదానమే ప్రధానం అన్నారు, ఆలస్యం అమృతం విషం అనీ అన్నారు. ఎప్పుడు ఏది పాటించాలో మాత్రం పెద్దల నోటి వాటాన్ని బట్టి ఉంటుంది. స్కైడైవింగ్‌లో ఈ తగాదాని అడుగుల్లో తేల్చేశారు. బోర్లా పడుతున్న మనిషి 1,000 అడుగులు దాటడానికి 5.5 సెకన్లు పడుతుంది. నేర్చుకునేవాళ్ళు 5,500 అడుగుల దగ్గర పారాషూట్ తెరుస్తారు. అది సరిగ్గా విచ్చుకోకపోతే సరిచేసుకోవడానికి 2,500 అడుగుల దాకా సమయం. అక్కడికి కూడా కుదరకపోతే ఇంక ఆలోచన లేదు, మెయిన్ వదిలేసి రిజర్వ్ లాగడమే. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం అనే మాట అక్కడ పనికిరాదు. ఎందుకంటే ఆ నిర్ణయం గాల్లో తీసుకునేది కాదు, నేల మీద స్థిమితంగా ఉన్నప్పుడే తీసేసుకున్నది. మేం కూడా కొన్నిటికి ఇలాంటి గీతలు గీసుకున్నాం. మా అబ్బాయి కాలేజీలో ఒక సబ్జెక్టుతో తంటాలు పడుతుంటే, ఏ తేదీ లోపు తేలకపోతే వదిలేయాలో సెమిస్టర్ మొదట్లోనే రాసుకున్నాడు. ఆ తేదీ వచ్చింది, వదిలేశాడు. రభస లేదు.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకొకటి. పైదాకా వెళ్ళి, తలుపు తీశాక కూడా దూకను అనొచ్చు. ఎవరూ తొయ్యరు, కారణం చెప్పమని నిలదియ్యరు. బెల్టు పెట్టుకుని కూర్చుంటే విమానంతో పాటు దిగి వచ్చేస్తారు. మా అమ్మాయి ఒకసారి అలాగే వచ్చింది. ముందురోజు రాత్రి పరీక్షకి చదువుతూ కూర్చుని సరిగ్గా పడుకోలేదు. తలుపు దగ్గరకి వచ్చేసరికి ఇన్‌స్ట్రక్టర్ చేసే చేతి సైగలు కళ్ళకి కనిపిస్తున్నాయి గానీ బుర్రకి ఎక్కడం లేదు. తల అడ్డంగా ఊపి కూర్చుండిపోయింది. కింద పెద్దాయన ఉన్నారు. దిగిన మనిషిని ఎగాదిగా చూడలేదు, ఓదార్చనూ లేదు. రిగ్ ఎక్కడ పెట్టాలో చూపించి, లాగ్‌బుక్‌లో ఈ రోజు సంగతి కూడా రాసుకోమన్నారట. ఆ రాత్రి అది నాకు ఫోన్‌లో ఇదంతా చెప్పింది. గొంతులో సిగ్గు లేదు.

మన పిల్లలకి రెండు వైపులనుంచీ ఉక్కిరిబిక్కిరే. బడిలో గోడలనిండా ఎప్పుడూ వెనకడుగు వేయొద్దు, మొదలుపెట్టింది వదలొద్దు అని రాసుంటుంది. ఇంటికొస్తే, ఇంతదాకా వచ్చి మానేస్తే నలుగురూ ఏమనుకుంటారు అని మనం. ఇక్కడివాళ్ళు సాహసం నేర్పుతారు, మనం జాగ్రత్త నేర్పుతాం అని మనవాళ్ళ కబుర్లలో తరచూ వినపడుతుంది. అది సగమే నిజం. వెనక్కి తిరగడానికి ఇద్దరమూ దారి వదలం. వెనక్కి వస్తే ఇక్కడ ఓడినట్టు, మనకి పరువు పోయినట్టు. పైలట్లు దీనికి మందు కనిపెట్టుకున్నారు. వాతావరణం చెడుతున్నా, గమ్యం దగ్గరపడింది కదా అని ముందుకే పోవడం విమానాలని కూలుస్తుందని వాళ్ళకి మొదటి పాఠాల్లోనే చెబుతారు. వెనక్కి తిరిగినవాణ్ణి వెక్కిరించరు. విద్యార్థులకైతే గాలి గంటకి 14 మైళ్ళు దాటితే దూకనివ్వరు. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా గాలి తగ్గుతుందేమోనని ఎదురుచూసి, ఒక్కసారీ దూకకుండా ఇంటికొచ్చిన శనివారాలు మా అమ్మాయికి బోలెడు. ఓపిక అంటే ఏంటో దానికి నేను చెప్పి ఉంటే ఇంత బాగా ఎక్కేది కాదు.

వెనక్కి రావడం ఒక ఎత్తు, జరిగింది చెప్పడం ఇంకో ఎత్తు. 1976 నుంచీ అమెరికాలో ఒక పద్ధతి ఉంది. పైలట్ తెలియక ఏదైనా నిబంధన తప్పితే, 10 రోజుల్లోగా తనంత తానే నాసాకి రాసి పంపొచ్చు. కావాలని చేసింది కాకపోతే, ప్రమాదమో నేరమో కాకపోతే, తర్వాత ఎఫ్‌ఏఏ ఆ సంగతి పట్టుకున్నా మామూలుగా జరిమానా వేయదు, లైసెన్స్ ఆపదు. ఇందులో తెలివంతా నాసాకి రాయడంలో ఉంది. శిక్ష వేసే అధికారం ఎఫ్‌ఏఏది. వినేది నాసా, దానికి శిక్షతో సంబంధం లేదు. రాసినవాళ్ళ పేర్లు తీసేసి, పాఠాన్ని మాత్రం అందరికీ పంచిపెడుతుంది. పెద్దాయన కూడా కొన్నిసార్లు రాశారట, ఏం రాశారో కూడా దాచుకోకుండా చెబుతారు.

ఈ సంగతి విన్నాక నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు తప్పు చేస్తే అమ్మకి చెప్పేవాళ్ళం కాదు, అమ్మమ్మకి చెప్పేవాళ్ళం. ఆవిడ విని, మొట్టాల్సినంత మొట్టి, అమ్మ మూడ్ చూసి, సగం తగ్గించి అందించేది. పిన్ని, అత్త, మేనమామ, ఎవరో ఒకరు ఆ పని చేసేవాళ్ళు. ఇక్కడ మన ఇళ్ళలో అమ్మానాన్నా తప్ప ఇంకెవరూ లేరు. పోలీసూ మనమే, జడ్జీ మనమే, పిల్లలు వచ్చి చెప్పుకోవాల్సిందీ మనకే. ప్రవాసంలో మనం పోగొట్టుకున్నవాటిలో పండగలూ భాషా గురించి ఎంతో మాట్లాడుకుంటాం. ఈ మధ్యవర్తుల గురించి ఎవరూ మాట్లాడరెందుకో! వీడియో కాల్‌లో అమ్మమ్మతో పిల్లలు బాగున్నాననే అంటారు, గుట్టు విప్పరు. మా పిల్లలకి ఆ చోటు ఈ పెద్దాయన దగ్గర దొరికింది. నాకు తెలియని కొన్ని సంగతులు ఆయనకి తెలుసు. మొదట్లో గుండె కలుక్కుమంది. ఇప్పుడు ఏమీ అడగను, ఆయన ముఖం మామూలుగా ఉందా లేదా అని మాత్రం చూస్తాను.

ఫోన్‌లో పిల్లలు ఎక్కడున్నారో చూసే యాప్ గురించి కూడా ఆయన అభిప్రాయం చెప్పాలి. పారాషూట్ లాగడం మర్చిపోయినా, స్పృహ తప్పినా తనంతట తానే రిజర్వ్ తెరిచే సైప్రెస్ అనే పరికరం 1991లో వచ్చింది. దాంతో ఎంతోమంది బతికారు. 1970లలో అమెరికాలో ఏడాదికి సగటున నలభై మందికి పైగా పోయేవారు, 2023లో సుమారు 36.5 లక్షల జంప్‌లకి 10 మంది పోయారు. అయితే ఇప్పటి మరణాల్లో చాలా నిక్షేపంలా తెరుచుకున్న పారాషూట్ కిందే జరుగుతున్నాయి. చిన్న, వేగమైన పారాషూట్లతో నేలకి దగ్గరగా మలుపులు తిప్పబోయి. ఆ మూడు రింగుల ఏర్పాటు కనిపెట్టిన బిల్ బూత్ ఈ మాట ఎప్పుడో అన్నాడు, పరికరాలు భద్రంగా తయారయ్యేకొద్దీ మనుషులు ఇంకొంచెం తెగిస్తారని. యాప్ ఉంది కదా అని మీరు అడగడం మానేస్తారు, వాళ్ళు చెప్పడం మానేస్తారు అని పెద్దాయన వాదన. నేను యాప్ తీసెయ్యలేదు. అడగడం కూడా మానలేదు.

మా అమ్మకి ఈ సంగతి తెలిసిన రోజు, ఇదంతా దొరల సరదా, మనకెందుకు అంది. భారత రైల్వేలో పనిచేసిన రేచల్ థామస్ 1979లోనే దూకిందనీ, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకిందనీ, పద్మశ్రీ కూడా వచ్చిందనీ మనవరాలు చదివి వినిపించింది. మా అమ్మ అంతా విని, ఆవిడకి పెళ్ళయిందా అని అడిగింది. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరు ఏం సాధించారన్నా ఈ ప్రశ్నే వేసుకుని నవ్వుకుంటాం.

పెద్దాయనతో నాకు అన్నిట్లోనూ కుదిరిందని కాదు. విమానంలో తుది నిర్ణయం పైలట్ ఇన్ కమాండ్‌దే అని చట్టంలో ఉంది. 18 నిండాక మీ అమ్మాయి బతుక్కి పైలట్ ఇన్ కమాండ్ తనే అంటారాయన. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. మన ఇళ్ళలో ఒకరి నిర్ణయం ఒకరిదే ఎప్పుడూ కాదు, దాని మంచీ చెడ్డా నలుగురం మోస్తాం. ఒకసారి ఇలాగే వాదించుకుంటుంటే ఆయనే ఆ చట్టంలో కింది వాక్యాలు చూపించారు. అత్యవసరమైతే పైలట్ నిబంధన తప్పొచ్చు, కానీ అధికారులు అడిగితే ఎందుకు తప్పాల్సి వచ్చిందో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఆ రెండో ముక్క నాకు ఎంతో నచ్చింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి చదివి వినిపించాను కూడా.

ఇప్పుడు అది స్కైడైవింగ్‌లో మొదటి మెట్టయిన ఎ-లైసెన్స్‌కి దగ్గర్లో ఉంది. దానికి కనీసం 25 జంప్‌లు కావాలి. అది వస్తే ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణ లేకుండా దూకొచ్చు. ప్రతిసారీ నేల మీద కాలు పెట్టగానే నాకో మెసేజ్ పెట్టాలని షరతు పెట్టాను. పెద్దాయన ఒప్పుకోలేదు. దిగేటప్పుడు మనసు దిగడం మీదే ఉండాలి, అమ్మ ఎదురుచూస్తోందన్న తొందర అక్కడికి రాకూడదన్నారు. మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ రోజుకి దూకడం అయిపోయి, రిగ్ సర్దేశాక, చీకటి పడేలోపు ఒకే ఒక్క మెసేజ్ అని తేలింది. అప్పటిదాకా నేను ఫోన్ పట్టుకుని కూర్చోకూడదని మా అమ్మాయిగారు ఇంకో షరతు కలపబోయారు. దానికి మాత్రం నేను సంతకం పెట్టలేదు.