సైకిల్ సీటు కోసం నేను పడ్డ తిప్పలు – నా అనుభవం

మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి హైబ్రిడ్ సైకిల్ (దాదాపు నిటారుగా కూర్చుని తొక్కేది) మీద రెండేళ్లు తిరిగాను, సీటు గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలయ్యాక ఆదివారాలు అక్కడికి వెళ్లడం అలవాటైంది, రోడ్ బైక్ (ముందుకి బాగా వంగి వేగంగా తొక్కే సైకిల్) కూడా కొన్నాను, అక్కడే కష్టాలు మొదలయ్యాయి. ఆఫీసు దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా కాలు కింద పెడతాం, సీటు మీద నుంచి లేస్తాం. ట్రాక్ మీద ఆ ఛాన్స్ ఉండదు కదా, గంటన్నర ఏకధాటిగా కూర్చునేసరికి తొడల మధ్య తిమ్మిరి ఎక్కేసింది, దిగాక పావుగంట వరకు స్పర్శ తెలియలేదు, నిజంగా భయమేసింది.

షాపులో అడిగితే మెత్తటి జెల్ సీటు ఇచ్చారు. చేత్తో నొక్కితే దూదిలా ఉంది, మొదటి 10 కిలోమీటర్లు హాయిగా అనిపించింది కూడా, ఆ తర్వాత మాత్రం పాతదానికంటే ఘోరం. ఎందుకో తర్వాత తెలిసింది. బరువు మోయాల్సింది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు లోపలికి దిగబడిపోతాయి, మధ్యలో జెల్ పైకి ఉబ్బి సరిగ్గా నరాలు, రక్తనాళాలు ఉన్న చోటే ఒత్తుతుంది. అందుకే మెత్తదనం కన్నా ముందు వెడల్పు చూడాలి.

వెడల్పు కొలవడానికి ఖర్చేం లేదు. అట్టపెట్టె ముక్క ఒకటి మెట్టు మీద పెట్టి కూర్చున్నా, కాస్త ముందుకి వంగి మడమలు పైకెత్తి ఒక నిమిషం ఉన్నా, లేచి పెన్సిల్‌ని అడ్డంగా రుద్దితే రెండు గుంటలు కనిపించాయి. మధ్య నుంచి మధ్యకి 118 మిల్లీమీటర్లు. దానికి ఒక 20, 25 కలుపుకుని 143 సైజు తీసుకున్నాను, గట్టిగానే ఉంటుంది, మధ్యలో ఖాళీ గాడి ఉంటుంది. తిమ్మిరి తగ్గింది కానీ సమస్య అయిపోలేదు, సీటు ముక్కు, అంటే ముందు కొస, కిందికి వంచితే ఇంకా బాగుంటుందేమో అని ఎక్కువ వంచేశాను, ఒళ్లంతా ముందుకి జారి బరువు చేతుల మీద పడి అరచేతులు మొద్దుబారాయి. ఇప్పుడు లెవెల్‌కి కొంచెం, చాలా కొంచెం కిందికి ఉంచాను. ఎత్తు కూడా చూసుకోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి, నాది ఎక్కువై నడుము అటూ ఇటూ ఊగేది, ఆ ఊగుడికే తొడలు ఒరుసుకుపోయి మంట పుట్టేది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకుంటే లోపల డ్రాయర్ వద్దు, కుట్లు గుచ్చుకుంటాయి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ఇదే సీటు తీసి హైబ్రిడ్‌కి పెడితే నచ్చలేదు! అప్పుడు మా నాన్న పాత నల్ల సైకిల్ గుర్తొచ్చింది, వెడల్పాటి తోలు సీటు, కింద రెండు స్ప్రింగులు. ఆ సైకిల్ మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి బరువంతా వెనకే పడుతుంది, వెనక వెడల్పు కావాలి, గుంతల దెబ్బ స్ప్రింగులు మింగేస్తాయి. రోడ్ బైక్ మీద ముందుకి వంగితే నడుము ఎముకలే ముందుకి తిరుగుతాయి, అప్పుడు సీటుకి ఆనే చోట ఎముకల మధ్య దూరం తక్కువ, పైగా వెడల్పు సీటయితే తొడలకి అడ్డం. అందుకని హైబ్రిడ్‌కి దాని పాత వెడల్పు సీటే తిరిగి బిగించేశాను.

ఆ 143 సీటుతోనే మొన్న 200 కిలోమీటర్ల బ్రెవె (నిర్ణీత టైములో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) పూర్తి చేశాను, 13 గంటల 30 నిమిషాల టైముంటే గంట ముందే వచ్చేశాను, తిమ్మిరి అసలు రాలేదు. ప్రతి 15 నిమిషాలకోసారి కాసేపు లేచి నిలబడి తొక్కాను, అది మాత్రం ఎంత మంచి సీటున్నా మానకూడదు.

ఇప్పుడు మా ఆవిడ వంతు. ఆడవాళ్లకి సాధారణంగా ఆ ఎముకల మధ్య దూరం ఎక్కువ, అట్ట మీద కొలిస్తే తనకి 134 వచ్చింది, 155 తెచ్చాం. వారంలోపు మార్చుకోవచ్చని షాపులో ముందే మాట తీసుకున్నాను, ఆదివారం గండిపేట దాకా తొక్కి చూస్తానంటోంది.